గురువారం వాన

"ఎవరయ్యా అది? చేలో ఏం పని నీకు? ఇవాళ చీసీ అని తెలీదూ?"

ముచనేత గట్టు మీంచే కేకేసింది. చివి అనే ఆ కరువు సీమ పల్లెల్లో గురువారం చీసీ. ఆ రోజు భూమికి విశ్రాంతి, ఎవరూ చేలో పని ముట్టరు.

జొన్నల మధ్య, వాన కొలిచే గొట్టం దగ్గర గొంతుక్కూర్చున్న మనిషి తలెత్తాడు. మెడ మీద కాలిన మచ్చ ఉంది.

"నువ్వేనా అమ్మా దీన్ని చూసుకునేది? ఇరవై రెండు మిల్లీమీటర్లుంది. మధ్యాహ్నం పడిన వానంతా ఇందులోనే ఉంది. పుస్తకంలో రాయవూ?"

"రేపు సాయంత్రం రాస్తా."

"ప్రతి గురువారం ఇంతేనా?"

"కొలవడం మటుకు పని కాదేంటి? గురువారానికి సున్నా పెడతా. నీళ్లెక్కడికి పోతాయి? శుక్రవారం రాస్తా. ఒక్క చుక్క తగ్గించను, తెలుసా!"

అతను నుదురు కొట్టుకున్నాడు.

"వాన కురిసేలా విమానం మబ్బుల్లో ఉప్పు ఏ రోజు చల్లాలో, ఏ రోజు మానాలో చీటీ తీసి తేలుస్తారమ్మా, రెండూ పోల్చి చూడ్డానికి. ఈ ఏడాది చీటీల్లో ఇవాళ్టితో మూడు గురువారాలొచ్చాయి. నీ పుస్తకం చూస్తే చల్లిన రోజు చుక్క లేదు, ఉప్పు చల్లకుండా వదిలేసిన మర్నాడు కుండపోత. చల్లడం ఇక దండగ, ఆపేద్దాం అంటున్నారు ఆఫీసులో."

ముచనేత చేను వంక చూసింది. మూడేళ్ల కరువు తర్వాత జొన్న ఇప్పుడే పొట్టకొచ్చింది. ఇంకో రెండు వానలు లేకపోతే మిగిలేది చొప్పే.

"అయితే నువ్వే దిద్దెయ్ బాబూ."

"నేను వేలు పెడితే ఆ లెక్క చెల్లదు. నువ్వే రాయాలి. ఇవాళే."

ఈలోగా కేకలు విని ఊరిపెద్ద వచ్చాడు, వెనకాల నలుగురు.

"చీసీ నాడు చేలో దిగావా? ఏ వంశంరా నీది?"

"హుంగ్వే. పక్షి వంశం."

"వానను గొట్టంలో బంధిస్తున్నది ఈ పక్షేనన్నమాట! ముచనేతా, వీణ్ణి నువ్వు రమ్మన్నావా?"

అతను చెప్పింది నిజమంటే చీసీ తప్పిన మనిషి పక్షాన నిలిచినట్టు. మొగుడు పోయాక ముచనేత చేను ఊరిపెద్ద దయ మీదే ఉంది, రేపే లాక్కుంటాడు. కాదంటే వాన పోతుంది. ఎటూ దారి లేదు. అతనేమో ఆమె కేసే చూస్తున్నాడు.

"నాకేం తెలీదు, షుంబా."

ఊరిపెద్దది సింహం వంశం, అందరూ అలాగే పిలుస్తారు. ఆ పిలుపుకు ఆయన మెత్తబడ్డాడు.

"పక్షివి కదా, ఎగిరిపో మరి!" అని నవ్వుతూ అతన్ని పొలిమేర దాటించాడు.

ముచనేత ఆ సాయంత్రం కూడా సున్నాయే పెట్టింది.

మూడు వారాలకు ఆఫీసు మనిషి వచ్చి గొట్టం పీకాడు. చుట్టూ జొన్న ఎండి గలగలమంటోంది.

"విమానం ఇక రాదమ్మా."

ఆమె ఏడ్చేసింది. "తప్పు నాదే నాయనా. మీ తనిఖీ ఆయన వచ్చి చెప్పినా నోరు విప్పలేకపోయాను. మెడ మీద కాలిన మచ్చ ఉంటుందే, ఆయన."

అతను గొట్టం కింద పెట్టేశాడు.

"ఆయన ఇక్కడికొచ్చాడా? తనిఖీ మనిషి కాదమ్మా. ఉప్పు చల్లేవాళ్లు కొలత ఛాయలకే పోకూడదు, తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ మూడు గురువారాలూ మీ చేల మీద విమానం నడిపింది ఆయనే."