బంపరు మీద బొట్లు

“ఎనక గోడ లేదు, మనిసి లేడు. యాల ఇట్ల అరస్తాండాదప్పా ఇది?” నాన్న రివర్సు గేరులోనే కేకపెట్టాడు. కారు కుయ్‌కుయ్‌మంటూనే ఉంది. లోపలి తెర మీద దారంతా ఎర్రగా కనిపిస్తోంది. బాగు కాకపోతే ఈ సాయంత్రమే పుంగనూరులో అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేస్తాడట.

మెకానిక్ ఫయాజన్న వంగి చూసి నవ్వాడు. బంపరు మీద నాలుగు సెన్సర్లకూ, పైన కెమెరాకూ మందంగా పసుపూ కుంకుమా!

“గుండ్రంగా ఉండాయి కదప్పా. బొట్టుకే పెట్టినారనుకుంటి,” అంది అవ్వ.

ఫయాజన్న గుడ్డ తీశాడు. అవ్వ అడ్డం నిలబడింది. “కొత్తగా ఇంటికొచ్చిన బండి. బొట్టు తుడిస్తే ఎట్లప్పా?”

“అయితే ఎనక్కి ఇచ్చేసేదే,” అన్నాడు నాన్న.

నేను నీళ్ల బిందె తెచ్చి అవ్వ ముందు పెట్టాను. “తుడవద్దులే అవ్వా. అభిషేకం చేద్దాం.”

అవ్వ ముఖం వెలిగింది. బిందెడు నీళ్లు పోసి తనే రుద్ది కడిగింది. నాన్న మళ్లీ రివర్సు వేశాడు. అరుపు లేదు.

“సూడు, సామి సల్లబడినాడు!” అవ్వ మళ్లీ కుంకుమలో వేలు ముంచింది.

నాన్న కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆయన రెండు సెన్సర్లకూ, ఫయాజన్న రెండింటికీ చేతులడ్డం పెట్టారు. కెమెరాను నేను మూశాను.

అవ్వ చోటు వెతికి వెతికి, ఆ బొట్టు నా నుదుట పెట్టింది.