గవర్రాజు వేసిన ముడి

పొద్దున ఏడు గంటలకు గవర్రాజు ముంజేతి కడియం మోగింది. పందెం కోళ్లకు కత్తులు కట్టి జైలుకెళ్లి వచ్చినవాళ్లందరికీ కొత్త చట్టం ఆ కడియం తొడిగింది. వేళ్లు కత్తి కట్టే తీరులో కదిలితే అది స్టేషనుకు చెబుతుంది. ఆపైన మళ్లీ జైలే.

అప్పుడు అతని చేతుల్లో ఉన్నది భార్య సూరమ్మ పాదం. కత్తిపీట తగిలి తెగితే గుడ్డ కడుతున్నాడు.

“కోడికాలనుకున్నావా మావా? అలా బిగించేవు,” అందామె నవ్వుతూ.

గవర్రాజు ముడి వంక చూశాడు. జైలుకెళ్లాక ఎన్నడూ వెయ్యని ముడి. తన వేళ్లు దాన్ని ఎప్పుడు వేశాయో అతనికి తెలియలేదు.

“విప్పెయ్,” అంది సూరమ్మ. ఈసారి నవ్వలేదు.

“విప్పితే నెత్తురు పోద్దే. కడియం ఎలాగూ చెప్పేసింది.”

జీపు వచ్చింది. పోలీసులు ముడిని ఫొటో తీసి, గవర్రాజును ఎక్కించుకున్నారు. సూరమ్మ కాలి నెత్తురు ఆగింది.