పికప్ మీద దెబ్బ

మా ఆయన, ఆర్లో, చనిపోయాక, ఇల్లంత ట్రైలర్‌ను పికప్ ట్రక్కుకు ఒక్కదాన్నే తగిలించడం అదే మొదటిసారి. వయోమింగ్ గాలి లేవకముందే బయల్దేరాలని చీకటితోనే లేచాను. ట్రైలర్లు ఆపుకునే ఆ క్యాంపులో మరో బండి లేదు.

ఇన్నేళ్లూ నేను స్టీరింగ్ దగ్గర, ఆయన వెనక. పికప్ వెనక తొట్టిలోని కొక్కెం ట్రైలర్ పిన్నును సరిగ్గా పట్టుకుంటే పికప్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. పట్టుకోకపోతే ఒకటి.

వెనక్కి పోనిచ్చాను. ఖంగుమంది. దిగి చూస్తే కొక్కెం మూసుకున్నట్టే ఉంది. ట్రైలర్‌ను నిలబెట్టిన ఇనుప కాళ్లు ఎత్తబోతుంటే అవతలి పక్క పికప్ మీద చరిచిన చప్పుడైంది. ఒకే ఒక్క దెబ్బ.

టార్చి వేసి చూశాను. పిన్ను కొక్కెంలోకి దిగలేదు, పైనే కూర్చుంది. అలాగే కదిలి ఉంటే ట్రైలర్ పికప్ మీద కూలేది.

బండి కాస్త ముందుకు తీసి మళ్లీ తగిలించాను. ఈసారి రెండు దెబ్బలు వినపడ్డాయి.

కాళ్లెత్తి వచ్చి పక్క తలుపు తెరిచాను. "చలిలో ఎంతసేపు నిలబడతావ్? ఎక్కు."

ఎవరూ లేరు. తలుపేసి బండి కదిలించగానే, పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదని టింగుటింగున మోత మొదలైంది.

"బతికున్నన్నాళ్లూ నా మాట విన్లేదు. ఇప్పుడైనా పెట్టుకోవయ్యా, మొండిఘటమా!"

టక్కుమంది. మోత ఆగిపోయింది.