వెనక్కి పోదామన్న ఎల్సా

2025 ఆగస్టు 14, క్లైడ్ నార్త్

ఎల్సా, వచ్చే ఆదివారం చర్చిలో జరిగే నోవా జ్ఞాపకార్థ కూడికకు నువ్వు రానన్నావట. అందుకే ఈ కార్డు.

నిన్న పరామర్శకు వచ్చినవాళ్లు నా ఎదుటే అన్నారు: “మొగుణ్ణి మంచులో వదిలేసి ఒక్కతే దిగొచ్చేసిందంట ఆంటీ!” వాళ్లకు నేను టీ ఇవ్వలేదు.

ఈ ఆగస్టు చలికాలంలో కొత్త మంచు బాగా కురిసిన మర్నాడు, ఆ కొండ ఏటవాలు మీద కాలు పెట్టగానే కింద మంచు గుభేలుమని కుంగిందన్నావు. “సేఫ్ కాదు నోవా, వెనక్కి పోదాం” అని బతిమాలావు. వాడు నవ్వి, “నీకన్నా మా నానమ్మ నయం. పో, కార్లో హీటర్ వేసుకుని కూర్చో” అన్నాడట. నువ్వు వెనక్కి తిరిగావు, వాడు ముందుకు సాగాడు, మంచుచరియ విరిగి వాడి మీద పడింది.

ఇదంతా నువ్వు కల్పించావంటున్నారు. నేను నమ్మాను. ఆ వెక్కిరింపు వాడిదే. తవ్వి తవ్వి చిట్లిన నీ గోళ్లూ చూశాను.

ఇక జరగవలసినవి:

1. ఆదివారం నువ్వు వస్తావు.
2. ముందు వరసలో నా పక్కన కూర్చుంటావు.
3. ఆ మాట ఎవరైనా మళ్లీ అంటే నన్ను చూపిస్తావు. వాడి నానమ్మగా జవాబు నేను చెబుతాను.
4. ఏడుపు ఇంటికొచ్చాకే, ఇద్దరం కలిసి.