ఒక్క పేరు

"రెండు వందల పన్నెండు ఇళ్లలో ఒక్కళ్లకీ దిగులు లేదా? మీ ఊరి నీళ్లు కాసిని మాకూ పంపించు తల్లీ," అంది ఫోన్లో సూపర్‌వైజరు.

ఆ ఊరి ఆశా కార్యకర్త నర్సమ్మ నవ్వబోయింది. ఆ తర్వాతి మాట విని మానేసింది. నెలకోసారి మనసు డాక్టరుతో వచ్చే వ్యాను ఇక ఈ ఊళ్లో ఆగదట. రోగులే లేని ఊళ్లో డాక్టరుకేం పనని పైవాళ్లు అడిగారట. సాయంత్రంలోగా ఒక్క పేరు పంపితే రేపు వ్యాను ఇక్కడికి వచ్చేలా చూడగలనని, లేకపోతే తన చేతుల్లో లేదని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది నర్సమ్మ. ఇంటింటి సర్వే కాగితాలు నింపింది తనే. ఇంటింటికీ వెళ్లి, మనిషి ఎదురుగా కూర్చుని, నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, బతుకు మీద విరక్తి కలుగుతోందా అని నెమ్మదిగా అడగాల్సిన ప్రశ్నలవి. మూడిళ్లలో అడిగింది కూడా. మూడో ఇంటావిడ, మేమేమన్నా పిచ్చివాళ్లలా కనిపిస్తున్నామా అని గుమ్మంలోనే దులిపేసింది. దాంతో ఇంటికొచ్చేసి, పొయ్యి మీద గిన్నె ఓ కంట చూసుకుంటూ, మిగతా ఇళ్లన్నిటికీ ఒక్క మధ్యాహ్నంలో "లేదు, లేదు" అని గీతలు కొట్టి పడేసింది.

ఆ ఇళ్లలో దర్జీ ఇల్లూ ఉంది. దర్జీ రెండు నెలలుగా మిషను ముందు కూర్చోవడం లేదు. నిన్న పొద్దున అతని భార్య పెరటి దారిన వచ్చి, డాక్టరు వచ్చేది ఎప్పుడని అడిగింది. పేరు రాసుకుంటానంటే మాత్రం నర్సమ్మ చేతిలోంచి కలం లాగేసుకుంది. పిచ్చివాడని పేరు పడితే అతని చేతికి జాకెట్టు గుడ్డ ఎవరిస్తారంది. వ్యాను వచ్చినప్పుడు దారిన పోతున్నట్టు తీసుకొస్తాను, చూపించెయ్యి అంది.

వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి అన్న మాటే నర్సమ్మని తినేస్తోంది.

"ఇంట్లో కత్తెర్లన్నీ దాచి వచ్చాను వదినా."

అందుకని పేరు కోసం ఎండలో పడి ఊరంతా తిరిగింది. అందరూ దుక్కలా ఉన్నామన్నారు. కొట్టతను, నువ్వు ఆ కాగితాలు పట్టుకుని వస్తుంటేనే నాకు దిగులమ్మా అన్నాడు. సాయంత్రం నాలుగైంది. తన పేరే రాసుకుందామంటే ఉద్యోగం ఊడుతుంది. చివరికి తన ఇంట్లోనే ఉన్న అత్త కాగితం బయటికి తీసి, "లేదు" అన్నచోటల్లా కొట్టేసి "అవును" అని పెట్టింది. అత్త నవ్విందంటే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. ఆవిడకి దిగులంటే ఊళ్లో ఎవరూ నమ్మరు, పరువుకొచ్చిన నష్టమేం లేదు అనుకుంది. కాగితం అడుగున "రోగి సొంత మాటల్లో రాయండి" అని ఉంటే, తోచిన నాలుగు ముక్కలు అక్కడ గిలికి, పేరు సూపర్‌వైజరుకి పంపేసింది.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. ఎదుటి గోడ పక్కన దర్జీ, మాసిన గడ్డంతో, భార్య పట్టుకున్న చెయ్యి తనది కానట్టు నిలబడ్డాడు. జాబితాలో ఉన్న మనిషి ఏదమ్మా, ఎవరూ లేకపోతే పక్క ఊరికి వెళ్లిపోతాను అన్నాడు డాక్టరు. నర్సమ్మ ఇంటికి పరుగెత్తింది.

అత్త వసారాలో బఠాణీలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, మీ పేరు రాసేశాను."

"దేంట్లోనే?"

"మనసు బాగాలేనివాళ్లలో."

కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని అత్త పకపకా నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు. నేల చూపులు చూస్తూ మొత్తం కక్కేసింది. అడక్కుండా కొట్టిన గీతలు, ఊరికి రాకుండా పోబోయిన వ్యాను, దర్జీ ఇంట్లో దాచిన కత్తెర్లు, అన్నీ. తను చేసిన తప్పుకి పెద్దదాన్ని బజారుకీడుస్తున్నానని, చీపురు తిరగేసినా పడతానని, ముందు రెండు నిమిషాలు వచ్చి నటించమని బతిమాలింది.

కత్తెర్ల మాట దగ్గర అత్త నవ్వు ఆగింది.

"సరే, వస్తాను పద. పిచ్చిదంటే అననీ, ఈ వయసులో నాకేం సంబంధాలు చూడాలా? కానీ అక్కడ నవ్వొచ్చిందంటే నీ కొంప మునుగుతుంది. నేనేం చెప్పానని రాశావో చదువు. దార్లో బట్టీ పడతాను."

నర్సమ్మ కాగితం విప్పి గబగబా చదివింది. "తెల్లవారకుండానే మెలకువ వస్తుంది, లేవడానికి కారణం కనబడదు. నలుగురిలో ఉంటే నవ్వుతాను, వాళ్లు వెళ్లగానే మొహం బరువెక్కిపోతుంది. ఇంట్లోవాళ్లు మంచివాళ్లే, చెప్పి వాళ్లని బాధపెట్టడం ఇష్టం లేదు. బావి దగ్గర ఎక్కువసేపు ఉండను, నా మీద నాకే నమ్మకం లేదు."

అత్త నవ్వుతుందేమోనని ఆగింది. ఇంత నాటకం ఎక్కడ నేర్చావే అంటుందనుకుంది. సగం ఒలిచిన బఠాణీ కాయ అత్త చేతిలో అలాగే ఉంది.

"బావి ముక్క మళ్లీ చదువు," అంది.

నర్సమ్మ మళ్లీ చదివింది.

"నేనెవరికీ చెప్పలేదే," అంది అత్త, తలెత్తకుండా. "నీకెలా తెలిసింది?"