సీసా మీద పేరు

"తాతగారూ, ఇది నేను తీసుకోను."

ల్యాబ్ అమ్మాయి మూత్రం సీసాని కిటికీలోంచి వెనక్కి నెట్టింది.

ముసలాయన తెల్లబోయాడు.

"ఏమైందమ్మా? పొద్దున్నే పట్టిందే."

"మీ ఒంట్లో పాదరసం పోయిన నెల నూట నలభై. అంతకుముందు పన్నెండు. దానికి ముందు అరవై. ఒకే మనిషికి అలా కోతికొమ్మచ్చి ఆడుతుందా? మీరు సీసా సరిగ్గా పట్టడం లేదు. తిట్లు నాకు పడుతున్నాయి."

"ఈ ఒక్కసారికీ చూడమ్మా."

"పది నెలలుగా ఇదే మాట. థర్మామీటర్ల ఫ్యాక్టరీ అన్నారు. వెంటనే పని మానెయ్యమన్నాను. మానారా?"

"మాన్పించానమ్మా" అని నాలిక్కరుచుకున్నాడు. "అదే, మానేశాను."

ఆమె అప్పటికే తర్వాతి మనిషిని పిలిచింది.

ఆయన సీసాని చేతిరుమాల్లో చుట్టుకుని, గోడవార బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. లేచి వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు.

"అన్నం తిన్నావా అమ్మా?"

ఎప్పుడొచ్చినా అడిగే మాటే. ఆమె తలెత్తలేదు.

"ఇంట్లో ఎవరూ లేరట. మాట్లాడే దిక్కులేక వస్తాడు పాపం" అంది పక్క సీటావిడ.

"మాట్లాడ్డానికి సీసా ఎందుకో!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటి నెల ఆయన రాలేదు. హాస్టల్ గదిలో ఒంటరిగా కంచం ముందు కూర్చున్నప్పుడు, తిన్నావా అని ఈ ఊళ్ళో తనని అడిగే మనిషి ఆయనొక్కడేనని ఆమెకి తట్టింది.

ఆ వారమే కిటికీ దగ్గరికి ఒక నిండు చూలాలు వచ్చింది. చేతిలో సీసా.

"పేరు?"

"ఈసారి నా పేరే రాయండి."

"ఈసారి అంటే?"

"ఇన్నాళ్ళూ తాతగారి పేరు మీద వచ్చేవి కదండీ. ఆయన పోయారు. నిద్రలోనే. రెండ్రోజుల దాకా ఎవరికీ తెలీలేదు."

ల్యాబ్ అమ్మాయి రిజిస్టరులో ఆయన పేరున్న పేజీ వెనక్కి తిప్పింది.

"పరీక్ష చేయించుకున్నామని తెలిస్తే ఫ్యాక్టరీవాళ్ళు మర్నాడే పొమ్మంటారండీ. అందుకే నెలకొకరిది తనదని చెప్పి తెచ్చేవారు. ఆ నూట నలభై మా అక్కది. ఆయన పోరుపెట్టి మాన్పించబట్టి చేతుల వణుకు తగ్గింది. మొన్న మీరు తిప్పి పంపింది నాది."

ఆమె చూపు ఆ పిల్ల కడుపు మీద ఆగిపోయింది. సీసాని రెండు చేతులతో అందుకుంది.

"మరి ఆయనది? ఆయనా అక్కడే పనిచేశారుగా, ఒక్కసారైనా ఆయనది తేలేదా?"

"ఆయన బట్టలు కుట్టుకునే మనిషండీ, ఆ ఫ్యాక్టరీ గడప కూడా తొక్కలేదు; పాదరసం గదిలో పద్దెనిమిదేళ్ళు చేసింది వాళ్ళావిడ, ఆవిడ బతికుండగా ఈ పరీక్ష చేయించాలని ఆయనకి తట్టలేదట."