రోడ్డువైపు తలుపు

"డబ్బా దగ్గరికి రోజూ ఎవరు పోతున్నారు?"

మామా గొంతు మామూలుగానే ఉంది. అరుణజ్యోతి మాత్రం ఉలిక్కిపడింది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అనే పిలుస్తారు. నిన్నటి నుంచి ఆ మామా తనతో సరిగా మాట్లాడడం లేదు.

"ఎవరూ పోరు మామా. దాన్లో ఏమొస్తుందని?" అంది వచ్చీరాని అరబీలో.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టు ఆడినదానికే అనిపించలేదు.

ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంటి ముందు, మలుపులో, సరిగ్గా రోడ్డు అంచున ఇనుపగొట్టం మీద ఉంటుంది ఆ తపాలా డబ్బా. మామా కూతురు ముచ్చటపడి పెట్టించి, పైచదువుకు వెళ్ళిపోయింది. ఇంటివాళ్ళకు దాన్లో ఒక్క ఉత్తరమూ రాలేదు. అరుణజ్యోతికి మాత్రం రోజూ ఒక చీటీ వస్తుంది. రెండు వీధుల అవతల పనిచేసే అక్క పోలేరమ్మ రాస్తుంది. ఆ ఇంటి డ్రైవర్ మహమ్మద్ గౌస్, తమ రాయచోటివాడే, పిల్లల్ని బడిలో దింపి వస్తూ వేసి పోతాడు. రెండిళ్ళలోనూ పనివాళ్ళ చేతికి ఫోనొచ్చేది శుక్రవారమే మరి. మిగతా ఆరు రోజులూ ఆ చీటీ మీదే బతుకు.

పక్కింటి పనామె దగ్గర ఇలాంటి చీటీ దొరికిందనే పోయిన నెల ఆమెను పనిలోంచి తీసేసి విమానం ఎక్కించారు. ఏముంది దాన్లో అని అడిగినవాళ్ళు లేరు.

పైగా డబ్బా తలుపు రోడ్డువైపు. తీయాలంటే రోడ్డులోకి దిగి, వచ్చే బండ్లకు వీపు పెట్టి నిలబడాలి. నిన్న ఒక జీపు అద్దం ఆమె చున్నీని లాక్కుపోయింది. కిందపడి చచ్చి బతికింది. లేచి చుట్టూ చూసుకుంది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇంటి కిటికీల వైపు చూడకుండానే హమ్మయ్య అనుకుంది.

ఈ పొద్దున మామా మేస్త్రీని పిలిపించింది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా నుంచి గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు కడప చిన్నపుల్లయ్య.

"ఇంత రోడ్డు మింద ఎవురు పాతినారు పాపా దీన్ని? బండి తగిలితే డబ్బా ఇరగల్ల గానీ బండిలో మనిషి పోగూడదు. ఈ గొట్టం ఇరిగే రకం గాదు."

"అన్నా, నీ కాళ్ళు మొక్కుతా. ఇప్పుడే తెరవొద్దు."

"ఏం?"

"దాన్లో నాదొకటుండాది."

అతను నోరు తెరిచేలోగా మామా ఫోను చూసుకుంటూ బయటికొచ్చింది.

"మా అమ్మాయి పంపింది. ఇలాంటి డబ్బాలకు పద్ధతులు ఉంటాయట. మలుపులో పెట్టకూడదు. రోడ్డు అంచున ఉండకూడదు. తీసేవాళ్ళు రోడ్డులోకి దిగకూడదు."

తీసేవాళ్ళు అన్నప్పుడు మామా చూపు అరుణజ్యోతి మీద నిలిచింది. దొరికిపోయాననుకుంది అరుణజ్యోతి.

చిన్నపుల్లయ్య గొట్టాన్ని కదిలించాడు. బోల్టులు వదులై డబ్బా ఒరిగింది. తలుపు దానంతటదే తెరుచుకుని, మడిచిన చీటీ మామా కాళ్ళ దగ్గర పడింది.

మామా వంగి తీసింది. అటూ ఇటూ తిప్పింది. తెలుగక్షరాలు. విప్పకుండానే గుప్పిట్లో పెట్టుకుంది.

"అరుణా, ఇలా రా. గేటు లోపల, ఈ గోడ దగ్గర నిలబడు. రోజూ డబ్బా తీసేటట్టు చెయ్యి చాపు."

దొంగతనం ఎలా చేశావో చేసి చూపించమన్నట్టుంది. అరుణజ్యోతికి కన్నీళ్ళు ఆగలేదు. అక్కకు ఎవరు చెబుతారు? గౌసన్న నౌకరీ ఏమవుతుంది? చెయ్యి చాపింది.

"ఇక్కడ గుర్తు పెట్టు," అంది మామా మేస్త్రీతో. "ఆ గొట్టం పీకెయ్. డబ్బా గోడలో ఉండాలి. వేసే సందు బయటికి, తలుపు లోపలికి."

చిన్నపుల్లయ్య సుద్దముక్క పట్టుకుని తటపటాయించాడు.

"కొలత ఇంటివాళ్ళది తీసుకోవాలి కదా మామా? పనిమనిషిది ఎందుకు?"

మామా గుప్పిట విప్పి, చీటీని ఆ చాపిన చేతిలోనే పెట్టింది.

"ఈ ఇంట్లో ఉత్తరాలొచ్చేది ఆమెకే."